సున్నపురాయిలో బొక్కలు ఎలా పడతాయి? రాజురా నుంచి సిరోంచా దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని రాజురా, కోర్పనా, జివతి, సిరోంచా వైపు తెలుగువాళ్ల ఇళ్ల నుంచి రాళ్ల గురించి వచ్చే ప్రశ్నలు రెండు రకాలు. పిల్లలు మరాఠీ బడిలో విన్న పాఠాన్ని ఇంటికొచ్చి తెలుగులో అడుగుతారు, పరీక్ష కోసం. పెద్దవాళ్లు బోరు కోసం అడుగుతారు. ఇద్దరూ ఒకేచోట తికమక పడతారు. రాయి పుట్టడం ఒక సంగతి, అందులో బొక్కలు పడటం ఇంకో సంగతి. చాలాసార్లు ఈ రెండింటి మధ్య కోట్ల ఏళ్ల దూరం ఉంటుంది.

సున్నపురాయిని గుర్తుపట్టడం ఎలా? తెల్లగా ఉంటుందా?

తెల్లగానే ఉండాలని లేదు. మన వైపు ఎక్కువగా బూడిద రంగులో దొరుకుతుంది, అక్కడక్కడా నల్లగా, గులాబీ ఛాయలో కూడా ఉంటుంది. కాబట్టి రంగు వదిలేయండి. ఇనుప మేకుతో గీస్తే గీత పడాలి. తర్వాత యాసిడ్ చుక్క వేసి చూడాలి. బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను బాగా పల్చన చేసి ఒక్క చుక్క వేస్తే బుసబుసమని నురగ వస్తుంది. రాయిలోని కాల్షియం కార్బొనేట్ కరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందన్నమాట. నీళ్లలో యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పిల్లలు ఒక్కళ్లే ఈ పని చేయకూడదు. నిమ్మరసంతోనూ అవుతుంది, కానీ ఓపిక పట్టి భూతద్దంలో చూడాలి.

ఈ పరీక్ష కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. డోలమైట్, అంటే మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి లాంటి రాయి, దాని మీద చుక్క వేస్తే వెంటనే పొంగదు. గీకి పొడి చేసి ఆ పొడి మీద వేస్తే మెల్లగా బుడగలొస్తాయి. జివతి గుట్టల మీది నల్లరాయి, అంటే బసాల్ట్, సున్నపురాయి కాదు. కానీ దాని బొక్కల్లో తర్వాతెప్పుడో చేరిన తెల్లటి కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ స్ఫటికం) మీద చుక్క పడితే బ్రహ్మాండంగా పొంగుతుంది. చుక్క దేని మీద వేస్తున్నామో ముందు చూసుకోవాలి.

సున్నపురాయి ఎలా తయారవుతుంది?

వాన నీరు కొండల్లోని రాళ్లను కొద్దికొద్దిగా కరిగించి కాల్షియాన్ని నదుల్లోకి చేరుస్తుంది, నదులు దాన్ని సముద్రానికి తీసుకుపోతాయి. అక్కడ గవ్వ జీవులు, పగడాలు, కొన్ని రకాల నాచు, కంటికి ఆనని ఫొరామినిఫెరా వంటివి ఆ కాల్షియంతో పెంకులు కట్టుకుంటాయి. అవి చచ్చాక పెంకులు అడుగున చేరి, అలలకు నలిగి, ఇసుకలా, బురదలా పేరుకుంటాయి. పైన పొరలు పడేకొద్దీ అడుగున బరువు పెరుగుతుంది. నీటిలో కరిగి ఉన్న సున్నమే రేణువుల మధ్య మళ్లీ స్ఫటికాలుగా పేరుకుని వాటిని అతికిస్తుంది. అలా రాయి అవుతుంది.

వెచ్చటి, లోతు తక్కువ ఉన్న, మట్టి కలవని నీళ్లలో ఇది బాగా జరుగుతుంది. మహాసముద్రాల్లో సుమారు 4-5 కిలోమీటర్ల లోతు దాటితే చలికీ ఒత్తిడికీ కాల్సైట్ పెంకులు నిలవవు, కరిగిపోతాయి. అందుకే బాగా లోతైన సముద్రపు అడుగున సున్నపు బురద దాదాపు ఉండదు.

జీవుల సాయం లేకుండానూ సున్నం దిగుతుంది. లోతు తక్కువ ఉన్న సముద్రంలో అలలకు దొర్లే చిన్న రేణువు చుట్టూ పొరలు పొరలుగా సున్నం చుట్టుకుని గుండ్రటి ఊయిడ్‌లు తయారవుతాయి. ఊటల దగ్గర భూమిలోంచి పైకొచ్చిన నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోగానే సున్నం అక్కడే దిగిపోతుంది. చల్లటి ఊటల దగ్గర దిగితే ట్యూఫా అనీ, వేడి నీటి బుగ్గల దగ్గర దిగితే ట్రావర్టైన్ అనీ అంటారు.

మరి బొక్కలు ఎక్కడివి? రాయితోపాటే పుడతాయా, తర్వాత పడతాయా?

రెండూ జరుగుతాయి. కానీ ఒక చిన్న లెక్క తెలిస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. అప్పుడే పేరుకున్న సున్నపు ఇసుకలో, బురదలో ఖాళీ చాలా ఎక్కువ, మొత్తం పరిమాణంలో 40 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. పాత సున్నపురాళ్లలో ఆ ఖాళీ సాధారణంగా 10 శాతానికి మించదు, చాలావాటిలో 5 కూడా ఉండదు. అంటే సున్నపురాయి బొక్కలతోనే పుట్టి, వయసు పెరిగేకొద్దీ పూడుకుపోతుంది. బాగా బొక్కలున్న సున్నపురాయి ఎక్కడైనా కనిపిస్తే, ఆ పూడిక ఎందుకో ఆగిపోయిందనుకోవాలి, లేదంటే పూడిన తర్వాత ఎవరో మళ్లీ తవ్వారనుకోవాలి. ఆ ఎవరో దాదాపు ఎప్పుడూ నీరే.

పుట్టుకతో వచ్చే ఖాళీలు రేణువు రేణువుకీ మధ్య, గవ్వ లోపల జీవి ఉన్నచోట, పగడపు కొమ్మల సందుల్లో ఉంటాయి. ట్యూఫా అయితే ఇంకా తమాషా. నాచు మీద, రాలిన ఆకుల మీద, పుల్లల మీద సున్నం పేరుకుంటుంది. లోపలి ఆకు కుళ్లిపోయాక దాని ఆకారంలోనే బొక్క మిగులుతుంది. ట్యూఫా ముక్క విరిచి చూస్తే పుల్ల మందంలో గొట్టాలు, ఒక్కోసారి ఆకు ఈనెల అచ్చు కూడా కనిపిస్తాయి. గుజరాత్ తీరంలో దొరికే పోర్‌బందర్ రాయి ఇంకో రకం. సముద్రపు సున్నపు రేణువులు గట్టిగా నొక్కుకోకుండా, పల్చగా అతుక్కుని ఏర్పడిన కుర్ర రాయి అది. కుర్ర అంటే భూగర్భ శాస్త్రం లెక్కలో, లక్షల ఏళ్ల నాటిది.

తర్వాత పడే బొక్కల కథ వాన నీటితో మొదలవుతుంది. వాన నీరు గాలిలోంచి కొంచెం, మట్టిలోంచి చాలా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. వేళ్లు, సూక్ష్మజీవులు ఊపిరి తీసే మట్టిలో ఆ వాయువు బయటి గాలిలో కంటే పదుల రెట్లు ఎక్కువ. ఆ నీరు పలుచటి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. అది రాయిలో దిగి, కరగని కాల్షియం కార్బొనేట్‌ను కరిగే బైకార్బొనేట్‌గా మార్చి మోసుకుపోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. చాలా గవ్వలు, పగడాలు కట్టుకునేది అరగొనైట్‌తో. రసాయనంగా అదీ కాల్సైట్ లాంటిదే, స్ఫటికం అమరిక మాత్రం వేరు, త్వరగా కరుగుతుంది. అందువల్ల చుట్టూ ఉన్న రాయి చెక్కుచెదరకుండా గవ్వ ఒక్కటే కరిగిపోయి, గవ్వ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. అచ్చు ఉంటుంది, గవ్వ ఉండదు. నీరు ఇంకా పనిచేస్తే ఆ ఖాళీలు కలిసిపోయి ఆకారం లేని పెద్ద బొక్కలవుతాయి.

సముద్ర మట్టం తగ్గినప్పుడు ఈ పని జోరందుకుంటుంది. సుమారు 20 వేల ఏళ్ల కింద, మంచుయుగం ముమ్మరంగా ఉన్నప్పుడు, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి పోయింది. అప్పటిదాకా నీళ్లలో మునిగి ఉన్న పగడపు దిబ్బలు వానకు నానాయి.

నీరు మోసుకుపోయిన సున్నం ఎక్కడికి పోతుంది? కొంత నదిలోకి పోతుంది, కొంత నాలుగడుగులు కింద ఇంకో సందులో దిగి దాన్ని పూడుస్తుంది. ఒకే పొరలో ఒకచోట బొక్కలమయంగా, పక్కనే గట్టి బండగా ఉండటానికి కారణం అదే.

డోలమైట్ వల్ల కూడా బొక్కలు పడతాయంటారు, నిజమేనా?

మెగ్నీషియం ఉన్న నీరు సున్నపురాయి గుండా పోయి సగం కాల్షియం స్థానంలో మెగ్నీషియం చేరితే అది డోలమైట్ అవుతుంది. అణువుకు అణువు లెక్కన మార్పు జరిగితే రాయి పరిమాణం 12-13 శాతం తగ్గుతుంది, ఆ మేరకు ఖాళీ పడుతుంది. ప్రతిసారీ అలా జరగదు. బయటి నుంచి కార్బొనేట్ ఇంకా చేరుతుంటే ఉన్న బొక్కలూ పూడిపోతాయి.

గడ్‌చాందూర్ వైపు ఖదాన్ (రాతి గని) రాయి పగలగొడితే ఒక్క బొక్కా కనిపించదు. ఎందుకు?

ఎందుకంటే అది చాలా ముసలి రాయి. పేన్‌గంగ శిలాసమూహం అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే పొరల్లోది, వంద కోట్ల ఏళ్లకు అటూ ఇటూ వయసున్నది. పెంకులున్న జీవులు భూమ్మీద విరివిగా కనిపించడం మొదలై సుమారు 54 కోట్ల ఏళ్లే అయింది. అంటే ఈ రాయి పుట్టేనాటికి గవ్వలు లేవు, పగడాలు లేవు. కరిగి ఖాళీ వదలడానికి పెంకే లేదు. సన్నటి సున్నపు బురద పొర మీద పొరగా దిగి, కోట్ల ఏళ్లు నొక్కుకుని, స్ఫటికాలుగా బిగుసుకుపోయింది. చేతిలోకి తీసుకుని అంచు చూస్తే సన్నటి పొరలు కనిపిస్తాయి. విరిచినచోట నున్నగా, పదునుగా ఉంటుంది. నీటి చుక్క వేస్తే లోపలికి ఇంకకుండా మీదే నిలుస్తుంది.

ఇదే వరస ప్రాణహిత-గోదావరి లోయ పొడుగునా ఆదిలాబాద్ వైపూ సాగుతుంది. అక్కడ ఈ సున్నపురాతి పొరల మధ్య మాంగనీసు ఖనిజం కూడా ఉంది. ఇటు గడ్‌చాందూర్, ఆవార్‌పూర్, ఉప్పర్‌వాహి సిమెంటు ఫ్యాక్టరీలకు ఈ రాయే ఆధారం. సిమెంటుకు బొక్కలతో పనిలేదు, కాల్షియం ఉంటే చాలు. రాయిని మట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల దగ్గర కాలిస్తే క్లింకర్, అంటే సిమెంటుగా పొడి కొట్టే గడ్డలు, వస్తుంది. ఉత్త సున్నం కావాలంటే 900 డిగ్రీలు చాలు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, తక్కిన 44 కిలోలు గాలిలో కలుస్తాయి.

రాయిలో బొక్కల్లేవంటున్నారు. మరి నా పక్క పొలం బోరులో నీళ్లెలా పడ్డాయి? నాది ఎందుకు ఫెయిలైంది?

ఎక్కువ మంది అడిగేదీ, అడిగినప్పుడల్లా గొంతులో కోపం వినిపించేదీ ఈ ప్రశ్నే. బోరుకు పెట్టిన అప్పు అలాంటిది.

ఈ రాయి తనలో నీళ్లు దాచుకోదు. నీరు ఉండేది పగుళ్లలో, పొరకూ పొరకూ మధ్య సందుల్లో, ఆ పగుళ్లను వాన నీరు కరిగించి వెడల్పు చేసినచోట్ల. డ్రిల్లింగ్ వాళ్లు 'గ్యాప్ తగిలింది' అంటారే, రాడ్ ఉన్నట్టుండి జారి కిందికి దిగుతుందే, అది అలాంటి చోటే. పగులు వెడల్పు జానెడే ఉండొచ్చు, పొడుగు మాత్రం ఫర్లాంగుల కొద్దీ ఉండొచ్చు. మీ బోరు దానికి పది అడుగుల పక్కన దిగితే ఎంత లోతుకు పోయినా పొడే వస్తుంది. పక్కాయన బోరు దాని మీద దిగింది. అందులో ఆయన గొప్పా లేదు, మీ ఖర్మా లేదు.

కొబ్బరికాయ తిరిగిన చోటు, పుల్ల వంగిన చోటు అని నమ్మి వేయించేవాళ్లకు నేను అడ్డుచెప్పను, చెప్పినా వినరు. కానీ అంతకంటే ముందు కొన్ని చూడండి. ఊళ్లో నీళ్లు పడిన బోర్లు ఏ వరసలో ఉన్నాయి? ఆ వరసను పొడిగిస్తే మీ పొలంలోకి వస్తుందా? వాగు ఉన్నట్టుండి తిన్నగా పరిగెత్తే చోటుందా? వాగులు తరచూ పగులు బాటే పడతాయి. వానాకాలంలో నీరు నిలవకుండా గుటుక్కున ఇంకిపోయే పల్లం ఉందా? ఆ తర్వాత విద్యుత్ నిరోధం కొలిచే సర్వే చేయించుకోవచ్చు. అదీ గ్యారంటీ కాదు, కానీ గుడ్డిగా తవ్వడం కంటే నయం.

ఇంకోమాట. పగుళ్లలో పారే నీరు ఇసుకలో పారినట్టు వడకట్టుకోదు. పైన పెంటకుప్ప ఉంటే దాని మురికి త్వరగా బోరులోకి చేరుతుంది. కాబట్టి పై మట్టి ఉన్నంత లోతూ కేసింగ్ సరిగ్గా దింపించండి, అక్కడ కక్కుర్తి వద్దు.

బొక్కలుంటే నీళ్లున్నట్టేనా?

కాదు. బొక్కలు ఎంత ఉన్నాయన్నది సచ్ఛిద్రత, వాటి గుండా నీరు పారగలదా అన్నది పారగమ్యత. తలుపుల్లేని గదులు వందున్నా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోలేం కదా. ఇంగ్లండ్, ఫ్రాన్స్ తీరాల్లోని చాక్ అనే తెల్లటి సుద్దరాయిలో ఖాళీ బోలెడుంటుంది, కానీ ఆ రంధ్రాలు మరీ సూక్ష్మం, పగుళ్లు లేకపోతే నీరు కదలదు. మన పేన్‌గంగ రాయి సరిగ్గా తిరగబడ్డ కేసు. రాయిలో ఖాళీ నామమాత్రం, కానీ మంచి పగులు ఒక్కటి దొరికితే నీరు బాగానే పారుతుంది.

నూనెకూ ఇదే సూత్రం. 1974లో అరేబియా సముద్రంలో కనిపెట్టిన ముంబై హై చమురు క్షేత్రంలో చమురు ముఖ్యంగా ఉన్నది రంధ్రాలున్న సున్నపురాతి పొరల్లోనే.

ఇంట్లోనే ఒక రాయి సచ్ఛిద్రత కొలవగలమా?

సుమారుగా కొలవొచ్చు, సైన్స్ ప్రాజెక్టుకు బాగుంటుంది. రాయిని ఎండలో పూర్తిగా ఆరబెట్టి తూచండి. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, పైతడి గుడ్డతో అద్ది మళ్లీ తూచండి. తర్వాత నిండా నీళ్లున్న గిన్నెలో ముంచి, పొంగిపోయిన నీటిని కొలిస్తే రాయి పరిమాణం తెలుస్తుంది. ఉదాహరణకు పొడి బరువు 488 గ్రాములు, తడి బరువు 508, పరిమాణం 200 మిల్లీలీటర్లు అనుకోండి. లోపలికి పోయిన నీరు 20 గ్రాములు, అంటే 20 మిల్లీలీటర్లు. 200లో 20 అంటే 10 శాతం. మూసుకుపోయిన రంధ్రాల్లోకి నీరు పోదు కాబట్టి అసలు ఖాళీ ఇంతకంటే కొంచెం ఎక్కువే ఉండొచ్చు. ఖదాన్ రాయితో చేస్తే ఇంట్లో తక్కెడకు తేడా దొరకడమే కష్టం. ఇటుక ముక్కతో కూడా చేసి పక్కపక్కన రాయించండి.

బొక్కలున్న రాయి ప్రతిదీ సున్నపురాయేనా?

కానే కాదు. మాణిక్‌గఢ్ గుట్టల మీద పరుచుకున్న బసాల్ట్‌లో గుండ్రటి బొక్కలుంటాయి. అవి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద లావా చల్లారుతున్నప్పుడు లోపల చిక్కుకున్న గ్యాస్ బుడగలు, నీరు కరిగించినవి కావు. కొంకణ్ వైపు ఇళ్లకు వాడే జాంభా రాయి ఎర్రగా, పురుగులు తొలిచినట్టు ఉంటుంది. అది ఇనుము, అల్యూమినియం మిగిలి గట్టిపడ్డ లాటరైట్. రెగడి పొలంలో దున్నుతుంటే పైకొచ్చే తెల్లటి గుండ్లు మాత్రం సున్నానివే. మట్టిలో నీరు ఆవిరైపోగా మిగిలిన సున్నపు కంకర అది, యాసిడ్‌కు పొంగుతుంది.

సున్నపురాయిలా పేరుకుని ఏర్పడే అవక్షేప శిలలను ఎలా వర్గీకరిస్తారు? పరీక్షకు ఏం రాయాలి?

మరాఠీ పుస్తకంలో గాళాచే ఖడక్ అని చదువుకునేవే ఇవి. దేనితో తయారయ్యాయి అన్నదాన్ని బట్టి మూడు గుంపులు చేస్తారు.

మొదటిది విరిగిన రాళ్ల ముక్కలతో ఏర్పడినవి. వీటిని రేణువు సైజును బట్టి విడదీస్తారు. 2 మిల్లీమీటర్ల కంటే పెద్ద రాళ్లు గుండ్రంగా ఉంటే కాంగ్లోమరేట్, కోసుగా ఉంటే బ్రెషియా. నది చాలా దూరం దొర్లించిన రాయి గుండ్రబడుతుంది, కోసుగా ఉందంటే పుట్టిల్లు దగ్గరే అన్నమాట. 2 మిల్లీమీటర్ల నుంచి మిల్లీమీటరులో పదహారో వంతు దాకా ఇసుకరాయి. దానికంటే సన్నం సిల్ట్‌రాయి. మిల్లీమీటరులో 256వ వంతు కంటే చిన్నవైతే బంకమట్టి రాళ్లు, వాటిలో పలకలుగా విడిపోయేది షేల్. ఇసుకరాయిలో ఫెల్‌స్పార్ అనే ఖనిజం 25 శాతం దాటితే ఆర్కోస్ అంటారు.

రెండోది నీటిలో కరిగినవి మళ్లీ గడ్డకట్టి ఏర్పడినవి. రాతి ఉప్పు, జిప్సమ్, ట్రావర్టైన్ ఇందులోకి వస్తాయి. మూడోది జీవుల అవశేషాలతో ఏర్పడినవి. బల్లార్‌పూర్, వణీ బొగ్గు ఇందులోదే, గవ్వల సున్నపురాయీ ఇందులోదే.

ఇక్కడే పిల్లలకు టెన్షన్. సున్నపురాయి రెండో గుంపా, మూడో గుంపా? రెండూ రాయొచ్చు. అలలకు నలిగిన గవ్వ ముక్కల రాయి చూడటానికి మొదటి గుంపులా కూడా ఉంటుంది. గుంపులు మనం గీసుకున్న గీతలు, రాయికి వాటితో పట్టింపు లేదు. జవాబులో ఆ వాక్యం రాస్తే మార్కులు పడతాయో లేదో గానీ, కారణం మాత్రం రాయండి.

సున్నపురాళ్లలో మళ్లీ రకాలు ఉన్నాయా?

డిగ్రీ పిల్లలకు రెండు పద్ధతులు తెలిస్తే చాలు. రాబర్ట్ ఫోక్ 1959లో రేణువులు ఏవి, వాటి మధ్య ఉన్నది సన్నటి బురదా లేక మెరిసే కాల్సైట్ స్ఫటికాలా అని చూసి పేర్లు పెట్టాడు. రాబర్ట్ డనమ్ 1962లో ఇంకో దారి పట్టాడు, రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయా, బురదలో తేలుతున్నాయా అని చూశాడు. బురదే ఎక్కువై రేణువులు 10 శాతంలోపుంటే మడ్‌స్టోన్, బురదలో తేలుతూ అంతకంటే ఎక్కువుంటే వాకెస్టోన్, ఆనుకుని మధ్యలో బురద ఉంటే ప్యాక్‌స్టోన్, బురదే లేకపోతే గ్రెయిన్‌స్టోన్, పగడాల్లా పుట్టుకతోనే కట్టుకుని ఉంటే బౌండ్‌స్టోన్.

నాకు డనమ్ పద్ధతే నచ్చుతుంది. పేరు వినగానే అప్పటి నీరు నిలకడగా ఉందా, అలలు కొట్టాయా అన్నది తెలిసిపోతుంది. బురద నిలిచిందంటే నీరు ప్రశాంతం. అలలు బురదను కడిగేస్తే రేణువుల మధ్య ఖాళీ మిగులుతుంది. అందుకే పుట్టుకతో వచ్చే రంధ్రాలు గ్రెయిన్‌స్టోన్‌లో ఎక్కువ. అవి ఇప్పటికీ ఉన్నాయా అంటే, తర్వాత వచ్చిన నీరు వాటిని వదిలిందో పూడ్చిందో చూడాలి.

సిరోంచా దగ్గర సున్నపురాయిలో చేపలున్నాయంటారు. అది కూడా సముద్రమేనా?

సముద్రం కాదు, సరస్సులు. ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరి పేరు మీద కోటా శిలలని పిలిచే జురాసిక్ కాలపు పొరలు అక్కడున్నాయి. వాటిలోని సున్నపురాయి మంచినీటి సరస్సుల అడుగున పేరుకుంది. అందులోని చేపల శిలాజాల సంగతి 19వ శతాబ్దంలోనే తెలుసు. ఆ వరసలోనే దొరికిన పెద్ద డైనోసార్‌కు బారపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి 1961లో జరిగింది, ఆయన పేరే అందులో ఉంది. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉంది.

ఒకే జిల్లాల వరసలో వంద కోట్ల ఏళ్ల సముద్రపు సున్నపురాయి, జురాసిక్ సరస్సు సున్నపురాయి రెండూ ఉండటం మామూలు విషయం కాదు. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూపించే బడి ఏదైనా ఉంటే బాగుండును.

మన వైపు గుప్తేశ్వర్ లాంటి గుహలు ఎందుకు లేవు?

ఒడిశాలో కోరాపుట్ జిల్లాలో, శబరి ఒడ్డున ఉన్న గుప్తేశ్వర్ సున్నపురాతి గుహే. శివరాత్రికి మన తెలుగువాళ్లూ చాలామంది పోతారు. పెద్ద గుహ పడాలంటే మంచి పగుళ్లు, ధారాళంగా వాన, నీరు కిందికి దిగి బయటికి పోవడానికి ఎత్తుపల్లాలు, అన్నీ చాలాకాలం కలిసి రావాలి. మన వైపు సున్నపురాయి ఎక్కువగా చదునైన నేల కింద ఉంది, చాలాచోట్ల రెగడి కప్పేసింది. కరగడం ఇక్కడా జరుగుతోంది, కానీ మనిషి దూరేంత కాకుండా చేయి దూరేంత సందులుగా. గుహల్లో పైనుంచి వేలాడే సున్నపు కడ్డీలు ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు స్థాయిలో పెరుగుతాయి. దయచేసి విరిచి ఇంటికి తెచ్చుకోకండి.

ఇంట్లో ఫర్శీ మీద నిమ్మరసం, చింతపండు పులుసు పడితే తెల్లటి మచ్చ ఎందుకు పడుతుంది?

షాబాద్, తాండూరు బండలు సున్నపురాళ్లే. పులుపు తగలగానే పాలిష్ పొర కరుగుతుంది. అది మరక కాదు, రాయి అరిగిన చోటు. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. బాత్రూమ్ యాసిడ్‌తో ఫర్శీ కడిగేవాళ్లు వెంటనే మానేయడం మంచిది.

ఖదాన్‌లోకి వెళ్లి రాళ్లు తెచ్చుకోవచ్చా?

పనిచేసే ఖదాన్‌లోకి అనుమతి లేకుండా వెళ్లకండి, బ్లాస్టింగ్ జరుగుతుంటుంది. వాగు ఒడ్డు, రోడ్డు కోసిన గట్టు చాలు. రాయి తెచ్చాక దాని మీద పెన్నుతో ఊరి పేరు, ఏ పొరలోంచి తీశారో, ఏ దిక్కు పైకి ఉందో రాయండి. ఆ మూడూ లేని రాయి షోకేసులో పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. సిరోంచా వైపు ఎముకలాగో, చేప పొలుసులాగో ఏదైనా కనిపిస్తే మాత్రం ఉలి పెట్టకండి. ఫోటో తీసి, చోటు రాసుకుని, అటవీ శాఖకో దగ్గర్లోని కాలేజీ భూగర్భ శాస్త్ర విభాగానికో చెప్పండి.